మా ఆయన కేసు కాగితాలు

పోయిన చలికాలంలో అత్తమ్మకు రక్తం పోవడం మొదలైంది. ముట్లుడిగి పదిహేనేళ్ళు దాటిన మనిషి. నాకు చెప్పలేదు. ఉతికిన పాత చీర ముక్కలు దండెం మీద కాకుండా పెరట్లో కట్టెల వెనక ఆరేసి ఉండడం చూసి నేనే పట్టుకున్నాను.

"ఎన్నొద్దుల సంది?" అని నిలదీశాను.

"మూడు నెలలాయె. గదేమున్నది, ఒంట్ల వేడి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దంతా అల్లం తోటల్లో తడి మట్టిలో కూర్చుని అల్లం ఏరి వచ్చే మనిషికి, ఆ చలిలో, ఒంట్లో వేడి ఎక్కడి నుంచి వస్తుంది? మర్నాడు నా అంగన్‌వాడీకి సెలవు పెట్టి, ఆమెను ఆటో ఎక్కించి జహీరాబాద్ బస్టాండు వెనకున్న లేడీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆవిడ స్కానింగు తీయించింది. అత్తమ్మను బయట కూర్చోబెట్టి నాతో మాత్రం చెప్పింది. గర్భసంచిలో గడ్డ ఉంది, దాని వాలకం తనకు నచ్చలేదు, పట్నం తీసుకుపోయి నెల తిరగకుండా ఆపరేషను చేయించమంది.

పట్నంలో ఎక్కడికి పోవాలా అని వెతుక్కునే పని మాకు లేదు. మా ఆయన సిపాయి. సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన తరఫున నాకూ, ఆయన తల్లికీ మిలిటరీ ఆస్పత్రిలో వైద్యం ఉంది. తిరిగి వస్తూ ఆటోలో ఆ మాటే అన్నాను. అత్తమ్మ బొంబాయి రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు నోరు విప్పింది.

"గా దవాఖానకు నేను రాను. సస్తే ఈడనే సస్త."

ఎందుకు రానందో నాకు తెలుసు. దానికి కారణం నేనే.

ఆరేళ్ళ కింద మా ఆయన రెండు నెలల సెలవు మీద వచ్చాడు. గజ్జల్లో హెర్నియా ఉబ్బి నొప్పి పెడుతుంటే, సెలవులో ఉన్న సిపాయి కాబట్టి పట్నంలోని మిలిటరీ ఆస్పత్రిలోనే చేరాడు. మామూలు ఆపరేషనే అన్నారు. నేనూ అత్తమ్మా వెంట వెళ్ళాం.

అత్తమ్మది బీదరు వైపు పుట్టిల్లు. పెద్ద పని మీద గడప దాటే మనిషి అరచేతిలో చెంచాడు పెరుగు, చక్కెర వేసి తినమనడం వాళ్ళ అలవాటు. సెలవు అయిపోయి కొడుకు డ్యూటీకి పోయే ప్రతిసారీ పెట్టేది. ఆపరేషను రోజు పొద్దున కూడా పెట్టింది. చిన్న స్టీలు డబ్బాలో పెరుగు తెచ్చుకుని, దుప్పటి చాటున, రెండు చెంచాలు. అర్ధరాత్రి దాటాక మంచినీళ్ళు కూడా ముట్టొద్దని సిస్టరు అంతకుముందే చెప్పి పోయింది. నేను వరండాలోంచి చూసి గొంతు నొక్కిపట్టి అరిచాను. ఆయన మీసాలు తుడుచుకుంటూ నవ్వాడు.

"రెండు చెంచాలే. ఏం గాదు తియ్. తినకుంటే అమ్మ మనసు కష్టపెట్టుకుంటది."

ఎనిమిదింటికి అన్న ఆపరేషను మధ్యాహ్నం మూడింటికి జరిగింది. ఆలస్యం ఎందుకైందో మేము అడగలేదు. బాగానే అయిందన్నారు. తర్వాత రెండు రోజులూ ఆయన దగ్గర నేనే ఉన్నాను. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి అత్తమ్మ బయట దూరపు చుట్టాలింట్లో ఉండేది. ఆ రెండు రోజులూ ఆయన మీద ఈగ వాలనివ్వలేదు నేను. కోత పడ్డ ఒంటిని మా వైపు పచ్చి ఒళ్ళంటారు. బాలింతకైనా, ఆపరేషను అయినవాళ్ళకైనా ఒకటే లెక్క. పచ్చి ఒళ్ళు కదలకూడదు, గాలి తగలకూడదు. చెవులకు మఫ్లరు చుట్టి, పాదాల దాకా దుప్పటి కప్పి పడుకోబెట్టాను. మూడో రోజు పొద్దున ఆయన బాత్రూముకని లేచి, మంచం దిగి, నాలుగడుగులు వేసి కుప్పకూలిపోయాడు.

ఎంతమంది పరుగెత్తుకొచ్చారో! నన్ను బయటికి పంపించి తెర లాగేశారు. ముప్పావు గంట తర్వాత పెద్ద డాక్టరు బయటికి వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని హిందీలో చెప్పాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డం పడిందన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. నిలబడి మరీ చెప్పాడు పాపం. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. పక్క మంచం అతని భార్య నన్ను ఒళ్ళోకి తీసుకుని ఓదారుస్తూ, మత్తు ఇచ్చే ముందు ఏమైనా తింటే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుందట, అందుకే వీళ్ళు తిననివ్వరని ఏదో మాటల్లో అంది. ఆ మాట మాత్రం బాగా ఎక్కింది. డాక్టరు చెప్పిన గడ్డనూ, అత్తమ్మ పెట్టిన పెరుగునూ నేనే జత చేసుకున్నాను. తర్వాత మరణ ధ్రువపత్రం వచ్చింది. అందులో ఇంగ్లీషులో ఊపిరితిత్తులన్న మాట కనపడేసరికి ఇంకేం కావాలి నాకు?

పదకొండో రోజు ఇంటి నిండా చుట్టాలు. అత్తమ్మ గిన్నె పట్టుకుని ఎవరికో అన్నం పెట్టబోతోంది. ఆ చెయ్యి చూడగానే నాకు పూనకం వచ్చినట్టయింది.

"నీ చేత్తోని ఇంకెవ్వరికి పెట్టకు! పెరుగు పెట్టి నా మొగన్ని సంపినవ్. నీ కొడుకును నువ్వే సంపుకున్నవ్!"

అందరూ విన్నారు. అత్తమ్మ గిన్నె కింద పెట్టేసింది. ఆ రోజు నుంచి ఎవరికీ వడ్డించలేదు. కూర కోస్తుంది, రొట్టెలు కొడుతుంది, అన్నీ తెచ్చి నా ముందు పెట్టి పక్కకు జరుగుతుంది. కంచంలో వేసేది నేనే. మాకు పిల్లలు లేరు. మా అమ్మ పుట్టింటికి వచ్చేయమని ఎన్నిసార్లు పిలిచిందో. నేను పోలేదు. "కోపం తీర్చుకోనీకన్న నీకు అత్త కావాలె" అని మా అమ్మ దెప్పింది. అప్పుడు మా అమ్మ మీద కూడా ఎగిరాను కానీ, ఆమె అన్నది నిజమే.

ఇంత జరిగాక ఆమెను ఆ ఆస్పత్రికే రమ్మంటే ఎట్లా వస్తుంది? వారం రోజులు బతిమాలాను. బతిమాలడం నాకు చేతకాదు, నాలుగో మాటకే గొంతు లేస్తుంది. పక్కింటి వాళ్ళతో చెప్పించాను. ప్రైవేటులో చూపిద్దామంటే దానికీ ఒప్పుకోలేదు. అన్నం మానేస్తానని నేను బెదిరిస్తే, "మానెయ్, నేను సుత మానేస్త" అంది. రక్తం పోవడం మాత్రం ఆగలేదు. పొయ్యి ముందు నుంచి లేస్తూ గోడ పట్టుకునేది.

ఒక రోజు మధ్యాహ్నం నేను అంగన్‌వాడీ రిజిస్టరు రాసుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎవరికి ఎన్ని గుడ్లు ఇచ్చామో, ఏ పిల్ల బరువెంతో నేను రాస్తూ ఉంటే కాసేపు చూసింది.

"నువ్వు గీ చిన్న చిన్న పోరగాండ్లయి అన్ని రాస్తవ్ గద. గంత పెద్ద దవాఖానల రాయరా?"

"ఏం రాస్తరు?"

"నా కొడుకు దేనితోని సచ్చిండో రాసే ఉంటరు. గా కాయితం తెచ్చి నాకు సదివి చెప్పు. నేను పెట్టిందానితోనే సచ్చిండంటే నాకు ఏ ఆపరేషన్ వద్దు. గట్ల గాదంటే వస్త."

ఆమె ప్రాణం ఆ కాగితంలో ఏముందనే దాని మీద పెట్టేసింది. కాగితంలో ఏముంటుందో నాకు తెలుసనే అనుకున్నాను. అయినా తెస్తానన్నాను. ఏదో ఒకటి చదివి వినిపించి ఆపరేషనుకు తీసుకుపోదామని నా ఉద్దేశం. ఆమెకు అక్షరం ముక్క రాదు కదా.

మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గర ఫోను తీసుకుని టోకెను ఇచ్చారు. సహాయ కేంద్రంలో తెల్ల మీసాల మాజీ సుబేదారు కూర్చుని ఉన్నాడు. పేరు అడగలేదు, నంబరు అడిగాడు. మిలిటరీ ఆస్పత్రిలో అంతే. సిపాయి నంబరు ఒక్కటి చెప్తే చాలు, భార్యా తల్లీ అందరం ఆ నంబరు కింద ఉంటాం. ఆయన నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. పెళ్ళైన కొత్తలో ఉత్తరాల కవరు మీద రాసీ రాసీ వచ్చేసింది. గడగడా చెప్పేసరికి సుబేదారు తలెత్తి చూసి, "కూర్చో బహెన్" అన్నాడు.

ఆరేళ్ళ కిందటి కేసు షీటు అంటే పాత రికార్డుల గదిలో వెతకాలి, ఊరికే ఇవ్వరు. కమాండెంటు గారి పేరున అర్జీ రాయాలి, భార్యనని రుజువుండాలి, మరణ ధ్రువపత్రం, పింఛను ఉత్తర్వు నకళ్ళు జత చేయాలి. ఎందుకు కావాలో కూడా అర్జీలో రాయమన్నాడు. అక్కడ నాకు చెయ్యి ఆడలేదు. మా అత్త నా మొగుణ్ణి చంపిందో లేదో తెలుసుకోవడానికని రాస్తానా? చివరికి ఆయనే, కుటుంబం తెలుసుకోగోరుతోంది అని రాయి చాలు అన్నాడు.

అసలు పింఛను ఉత్తర్వు ఆయన నల్ల ట్రంకు పెట్టెలో ఉంది. తాళంచెవి అత్తమ్మ మొలతాడుకుంటుంది. ఆరేళ్ళలో ఆమె ఆ పెట్టె తెరవడం నేను చూడలేదు. నేనడిగితే తనే తెరిచి, యూనిఫారం మడతలు ఒక్కొక్కటే పక్కన పెట్టి, అడుగునున్న కాగితాల సంచి తీసిచ్చింది. మళ్ళీ అన్నీ ఎట్లా ఉన్నవి అట్లా సర్దింది.

రెండోసారి అర్జీ ఇచ్చి వచ్చాను. రికార్డుల గది హవల్దారు వారం తర్వాత రమ్మన్నాడు. ఈలోపల డాక్టరమ్మ చెప్పిన నెల దగ్గరపడింది. ఆ వారం నేను రోజూ ఎవరో ఒకరి మీద అరిచాను. పిల్లల తల్లుల మీద, ఆటోవాడి మీద, గుడ్లు తెచ్చే అతని మీద. అత్తమ్మ మీద మాత్రం అరవలేకపోయాను. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది.

మూడోసారి పొద్దున మొదటి బస్సుకు వెళ్ళాను. హవల్దారు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని నకళ్ళ కట్ట చేతిలో పెట్టాడు. పలచగా ఉంది. ఇంగ్లీషు, అందులో సగం డాక్టర్ల గొలుసుకట్టు రాత. నేను తెల్లముఖం వేసేసరికి, అర్థం చేసుకోవాలంటే డాక్టరో నర్సింగు మేడమో చెప్పాలని, ఆయనే ఫోను చేసి సర్జికల్ వార్డు మేడం దగ్గరికి పంపాడు. భుజం మీద మూడు నక్షత్రాలున్న ఆవిడ. నా కంటే చిన్నదే. కుర్చీ లాగి తన పక్కనే కూర్చోబెట్టుకుని, హిందీలో నెమ్మదిగా, వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది.

"ఇదిగో, ఆపరేషను రోజు పొద్దున. 'ఆరున్నరకు రెండు చెంచాల పెరుగు తిన్నట్టు రోగి తనే చెప్పాడు' అని రాశారు. అందుకని ఎనిమిదింటి ఆపరేషను మూడింటికి మార్చారు. మత్తు ఇచ్చేసరికి కడుపు ఖాళీగా ఉంది."

"ఆయనే చెప్పాడా?"

"తనే చెప్పాడు. చెప్పి మంచి పని చేశాడు."

"మరి ఊపిరితిత్తుల్లో..."

"దానికీ దీనికీ సంబంధం లేదు బహెన్. కాలి నరంలో రక్తం గడ్డ కట్టి, అది పైకి వెళ్ళి ఊపిరితిత్తుల్లో అడ్డం పడింది. తిండి వల్ల కాదు."

పదకొండో రోజు అత్తమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడు చెవిలో వినపడింది. ఆరేళ్ళు! ఒక్కసారైనా ఎవరినైనా అడగొచ్చు కదా నేను? ఆస్పత్రి ఇక్కడే ఉంది, కాగితం ఇక్కడే ఉంది. పింఛను పనుల మీద ఎన్నిసార్లు పట్నం వచ్చాను! అడగలేదు. అడగాల్సిన అవసరం నాకు కనపడలేదు.

మేడం కాగితం తిప్పింది. ఆ తర్వాతి పేజీ సిస్టర్లు రాసింది, రాత కాస్త గుండ్రంగా ఉంది. ఈసారి మేడం మొదట తను చదువుకుంది. నేనూ చూస్తున్నాను. నాకు ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ, 'వైఫ్' అనే మాట వచ్చు. రోజూ నా రిజిస్టరులో తల్లుల పేర్ల పక్కన రాసే మాటే. ఆ పేజీలో అది మూడు చోట్ల ఉంది.

"ఇక్కడేం రాశారు మేడం? నా గురించే కదా?"

ఆవిడ చదివి చెప్పింది. ఆపరేషను అయిన మర్నాడు పొద్దున: లేచి నడవమని చెప్పాం, పడుకోనివ్వమని భార్య కోరింది, నడక ఎందుకు అవసరమో వివరించాం. సాయంత్రం: మళ్ళీ చెప్పాం, భార్య ఒప్పుకోలేదు. రెండో రోజు: మంచం దిగి రెండడుగులు వేశాడు, నొప్పి అన్నాడు, భార్య తిరిగి పడుకోబెట్టింది, మళ్ళీ వివరించాం.

అప్పుడు అంతా గుర్తుకొచ్చింది. మరిచిపోయానని కాదు. ఎప్పుడూ గుర్తే. కానీ ఇంకో రకంగా గుర్తు. ఆయన నొప్పికి పళ్ళు బిగపడుతుంటే నడిపించాలని చూసిన సిస్టరుతో గొడవ పెట్టుకుని, మొగుణ్ణి కాపాడుకున్నానని గుర్తు. "మీకు పుణ్యముంటుంది మేడం, పచ్చి ఒళ్ళు, రేపు నడుస్తాడు, వదిలేయండి" అన్నాను ఆమెతో. కాళ్ళు కదలకుండా దుప్పటి అంచులు పరుపు కిందికి దోపాను. అత్తమ్మది మూఢత్వమని ఆరేళ్ళు తిట్టిపోశాను. నాదేమిటి మరి?

"నడవకపోతే గడ్డ కడుతుందా?"

"నడిచినవాళ్ళకు కూడా కడుతుంది. నడవనివాళ్ళు ఎంతోమంది బాగానే ఇంటికి పోతారు. ఇందువల్లే పోయాడని ఏ డాక్టరూ చెప్పలేడు."

"మరి ఎందుకు రాశారు?"

"మేం అన్నీ రాస్తాం బహెన్" అంది. నాకు మంచినీళ్ళు తెప్పించింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సదాశివపేట దాటాక కట్ట విప్పి, సిస్టర్ల పేజీ ఒక్కటే తీసి, నాలుగు మడతలు పెట్టి బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకున్నాను. చించి బయట పారేద్దామని కూడా అనిపించింది. ఎవరడుగుతారు? పెరుగుకూ చావుకూ సంబంధం లేదన్న పేజీ ఒక్కటి చాలు కదా, అత్తమ్మ ఆపరేషనుకు వస్తుంది. నేను ఏమీ అబద్ధం చెప్పినట్టు కాదు. దారి పొడవునా నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను.

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. అత్తమ్మ మంచం మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"సదువు" అంది.

చదివాను. ఇంగ్లీషు చూస్తూ, మేడం చెప్పింది గుర్తు చేసుకుంటూ తెలుగులో చెప్పాను. ఆమె మధ్యలో ఆపింది.

"వాడే చెప్పిండా, తిన్న అని?"

"ఆయననే చెప్పిండు."

"నేను పెట్టిన అని చెప్పలే?"

"చెప్పలే. తిన్న అన్నడు గంతే. గందుకే ఆపరేషన్ మూడింటికి జేసిన్రు. నీ పెరుగుతోని ఏం గాలే అత్తమ్మా. కాల్ల నెత్తురు గడ్డకట్టి, అది పైకెక్కి పానం పోయింది. మేడం నాకు మంచిగ సమజైతట్టు చెప్పింది."

"ఇంకోపారి సదువు."

మళ్ళీ చదివాను. అత్తమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొడుకు శవం వచ్చిన రోజు కూడా ఆమె అట్లా ఏడవలేదు. నేలకు జారి, మంచం కోడు పట్టుకుని, "నేను గాదు కొడుకా, నేను గాదంట" అని ఏడ్చింది. ఆరేళ్ళు ఆ మనిషి నా కళ్ళ ముందు రొట్టెలు కొట్టింది, అల్లం ఏరింది, నీళ్ళు మోసింది. లోపల ఇంత పెట్టుకుని! నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె అట్లా ఏడుస్తుంటే బ్యాగులో కాగితం దాచుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

జిప్పు తీశాను. మడతలు విప్పి ఆ పేజీ కూడా చదివాను. పొద్దున, సాయంత్రం, మర్నాడు, ఒక్క మాట వదలకుండా. భార్య అన్న చోటల్లా 'నేను' అని చదివాను.

అత్తమ్మ ఏడుపు ఆగిపోయింది. నా ముఖం వంక చూసింది. తిడుతుందని కాచుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి, కొంగు దులుపుకుని, పెరట్లోకి పోయింది.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నేను కంచంలో వేసింది తిన్నది. పిలిస్తే పలకలేదు. మూడో రోజు పొద్దున తల దువ్వుకుంటూ గోడతో అన్నట్టు అడిగింది.

"బస్సు ఎన్నిటికున్నది?"

ఆపరేషను అయింది. డాక్టర్లు గర్భసంచి తీసేశారు. గడ్డ పరీక్షకు పోయింది, మంచిది కాదని తేలింది. మూడు నెలలు ముందు వచ్చి ఉంటే ఇంత మందులు, ఇంత తిరుగుడు ఉండేది కాదన్నారు. ఇప్పుడు నెలకోసారి పోతున్నాం. ఎన్నేళ్ళని అడిగితే ఎవరూ చెప్పడం లేదు. ఆ మూడు నెలల రక్తం నాకు చెప్పకుండా ఎందుకు దాచిందో ఆమెను నేను అడగలేదు. నాతో ఏమైనా చెప్పుకునే వీలు ఆమెకు నేనెప్పుడు మిగిల్చాను?

ఆపరేషను అయిన మర్నాడు పొద్దున సిస్టరు వచ్చి అమ్మను లేపి నడిపించాలంది. ఆమె మాట పూర్తి కాకముందే నేను అత్తమ్మ వీపు కింద చెయ్యి పెట్టేశాను.

"ఆగు బిడ్డ, కుట్లు గుంజుతున్నయి."

"ఆగ. లే అత్తమ్మా, నీ కాల్మొక్త, లే."

కాళ్ళు కిందికి దించి, చంకలో భుజం పెట్టి నిలబెట్టాను. ఒళ్ళంతా వణికింది. ఒక మంచం దాటించాను, రెండో మంచం దాటించాను. వార్డు చివర గోడ ఇంకా దూరం ఉంది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. నా భుజం మీద ఆమె బరువేమీ లేదు, ఎండిన మనిషి. అట్లా నిలబడే, నా వంక చూడకుండా మాట్లాడింది.

"వాన్ని గిట్లనే లేపుతే బతుకుతుండె గదా అని రోజు అనుకుంటవ్ గదా?"

"అనుకుంట అత్తమ్మా."

"నాక్కూడ అనిపిస్తది. నీతోని మాట్లాడని ఆ రెండొద్దులు నోటి దాంక వచ్చింది. నువ్వు నన్నన్న మాటే నిన్ను అందామని. అనను. ఆ మాటతోని ఆరేండ్లు బతికిన. ఎట్లుంటదో నాకెర్క."

నాకు దుఃఖం ఆగలేదు. నలుగురు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

"ఒక్కపారి అను అత్తమ్మా. నీకు దండం పెడ్త. అంటే నాకు జర సల్లబడ్తది."

అనలేదు. "నడువు, గోడ దాంక పోవాలె" అంది.